రంగూన్ మీద హైదరాబాద్ విమానం

1945 మే 2. రంగూన్ నది మీద వానమబ్బు కమ్ముకుని ఉంది. నది సముద్రంలో కలిసేచోట 26వ భారతీయ డివిజన్ సైనికులు బల్లపరుపు పడవల్లో బురద ఒడ్డు ఎక్కుతున్నారు. నగరం వాళ్ళకింకా ఇరవై మైళ్ళ అవతల ఉంది. అదే రోజు ఆ నగరం మీద ఒక మస్కిటో విమానం బాగా కిందికి దిగి తిరిగింది. అందులో ఇద్దరే ఉన్నారు, వింగ్ కమాండర్ సాండర్స్, ఆయన పక్కన నావిగేటర్. వీధుల్లో జపాన్ సైనికుడి జాడ లేదు. ఎవరూ తుపాకీ పేల్చలేదు. సెంట్రల్ జైలు పైకప్పు మీద మాత్రం పెద్దపెద్ద అక్షరాలు కనిపించాయి. జపాన్ వాళ్ళు వెళ్ళిపోయారని, ఇక్కడ ఉన్నది బ్రిటిష్ వాళ్ళని ఖైదీలు రాశారు.

సాండర్స్ ఆ రాత చూసి వెనక్కి పోలేదు. నగరానికి ఉత్తరాన ఉన్న మింగలడాన్ విమానాశ్రయంలో విమానం దించేశాడు. బాంబులకు గుంతలు పడిన రన్‌వే అది. విమానం దెబ్బతింది, మళ్ళీ పైకి లేచే పరిస్థితి లేదు. ఇద్దరూ నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళారు. నౌకలు, బాంబర్లు, పారాచూట్ దళం, వేలమంది సైనికులు కలిసి పట్టుకోవాలనుకున్న నగరంలోకి వాళ్ళందరికంటే ముందు నడిచి చేరింది ఈ ఇద్దరు వైమానికులు.

ఆ సాండర్స్ అధిపతిగా ఉన్న దళం పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్.

నేను అమీర్‌పేటలో ఒకప్పటి సత్యం థియేటర్ వెనక సందుల్లో ఉంటాను. ఉద్యోగమంతా బేగంపేట విమానాశ్రయంలోనే చేశాను. విమానం ఒంటికి సంబంధించిన మరమ్మతులు నా పని, అంటే రేకులు, రివిట్లు, చక్రాలు, రెక్కల అతుకులు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్ వెళ్ళిపోయేదాకా మా డాబా మీద బట్టలారేసుకుంటూ పైన పోయే విమానం చక్రాలు దిగాయో లేదో చూసేవాణ్ణి. యుద్ధం రోజుల్లో ఇదే బేగంపేటలో భారతీయ వైమానిక దళం కుర్రాళ్ళకు తొలి శిక్షణ ఇచ్చేవారు. రెండు రెక్కల టైగర్ మాత్‌లు అమీర్‌పేట పొలాల మీదుగా తిరిగేవి. ఇక్కడ విమానం నడపడం నేర్చుకున్నవాళ్ళలో చాలామంది తరవాత బర్మా ఆకాశంలోకే పోయారు.

హైదరాబాద్ పేరు ఆ దళానికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వాళ్ళకు విమానాలు కొనిచ్చాడు. డీహెచ్ 9ఏ రకం బాంబర్లు. 1918లో 110వ దళం వాటితోనే ఫ్రాన్స్ వెళ్ళి జర్మనీ నగరాల మీద బాంబులు వేసింది. ప్రతి విమానం మీదా ఇది నిజాం ప్రభువు ఇచ్చిందని రాయించారు. వాటిలో ఒకటి, ఎఫ్ 1010 నంబరుది, 1918 అక్టోబరులో జర్మనీవాళ్ళకు చిక్కింది. తరవాత పోలండ్ చేరి, దశాబ్దాలు గడిచాక ఇంగ్లండ్ తిరిగొచ్చింది. ఇప్పుడు లండన్ శివారు హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది. లండన్‌లో పిల్లలున్న తెలుగువాళ్ళు వెళ్ళినప్పుడు ఒకసారి ఆ విమానం ముక్కు దగ్గర నిలబడి చూడండి. మన ఊరి పేరు దాని మీద ఇంకా ఉంది.

పంజాగుట్ట నిమ్స్ ముందు నుంచి రోజూ లక్షమంది పోతుంటారు. అది మొదట నిజాం ట్రస్టు డబ్బుతో ఎముకల ఆసుపత్రిగా పుట్టింది. ఆ నిజాం డబ్బే యుద్ధ విమానాలకూ పోయిందన్న సంగతి మా వీధిలో ఎవర్నడిగినా తెలియదు. రెండో యుద్ధానికి హైదరాబాద్ పేరుతో మరో రెండు దళాలు చేరాయి, 152, 253. 152వ దళం చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగాయే. 1943 జులైలో సిసిలీ దీవి మీద సముద్రం నుంచి దాడి చేసినప్పుడు ఆ దళం స్పిట్‌ఫైర్లు మాల్టా నుంచి లేచి పడవలకు కాపు కాశాయి. ఇక్కడి రైతుల శిస్తు డబ్బు ఎక్కడెక్కడి ఆకాశాల్లోకి ఎగిరిందో తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది.

నాకు రంగూన్ మీద ఇంత పట్టింపు ఎందుకంటే మా తాత అక్కడ ఉన్నాడు.

మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం వైపు. మా ఊళ్ళో దాన్ని రంగూన్ అనరు, రంగం అంటారు. వాన పడకపోతే రంగం, అప్పు తీరకపోతే రంగం, ఇంట్లో తగాదా వచ్చినా రంగమే. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, గోపాలపూర్ నుంచి స్టీమరు డెక్కు మీద కూచుని పోయేవారు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. ఆ అప్పు జీతంలోంచి ఏళ్ళతరబడి కోసుకునేవాడు. రైసు మిల్లుల్లో, రేవులో బస్తాలు మోయడంలో, రిక్షా లాగడంలో మనవాళ్ళే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. బర్మా మొత్తంలో పది లక్షలకు పైగా భారతీయులుంటే వారిలో తెలుగువాళ్ళు లక్షన్నర పైచిలుకు. మా తాత పజుండాంగ్ కాలువ ఒడ్డున రైసు మిల్లులో బస్తాలు కుట్టేవాడు.

1941 డిసెంబరు 23న జపాన్ బాంబర్లు మొదటిసారి రంగూన్ మీదికి వచ్చాయి. అప్పటిదాకా అక్కడి జనం బాంబు ఎరగరు. చప్పుడు విని అందరూ చూడ్డానికి వీధుల్లోకి వచ్చారు. మా నాయనమ్మ కూడా మా నాన్నను చంకనేసుకుని గుమ్మం దాటి వచ్చిందట. కొంగల బారులా తెల్లగా, వరసగా వచ్చాయని చెప్పేది. అలా చూస్తూ నిలబడ్డవాళ్ళలో వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. రేవు కూలీలే ఎక్కువ, అంటే మనవాళ్ళే ఎక్కువ. క్రిస్మస్ రోజు మళ్ళీ వచ్చాయి. తాత ఎలాగో డెక్కు టిక్కెట్టు సంపాదించి నాయనమ్మను, నాన్నను ఓడ ఎక్కించాడు. తాను మేస్త్రీ బాకీ తీరాక వస్తానని ఆగిపోయాడు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఓడలు దొరకని లక్షలమంది అరకాను కొండలమీదుగా, మణిపూర్ దారిన నడిచారు. పదుల వేలమంది దారిలోనే పోయారని అంచనాలు. నాయనమ్మ ఊరు చేరి ఊపిరి పీల్చుకునేలోపే ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. రంగం వదిలి వస్తే రంగమే వెంట వచ్చిందని ఆమె అనేది.

మూడేళ్ళ తరవాత బ్రిటిష్ సేన బర్మాలోకి తిరిగొచ్చింది. జనరల్ స్లిమ్ నడిపిన 14వ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. 1945 మార్చిలో మెయిక్తిలా, మాండలే పట్టుకుని రంగూన్ వైపు పరుగు తీశారు. ఆ పరుగుపందెం ఎవరితోనో కాదు, వానాకాలంతో. అంత సైన్యానికి తిండి, పెట్రోలు, మందుగుండు ఎక్కువభాగం డకోటా విమానాల్లోనే అందుతోంది. వానాకాలం దిగితే మట్టి రన్‌వేలు బురదైపోతాయి, విమానాలు లేవవు, సైన్యం అడవి మధ్యలో ఆకలితో నిలిచిపోతుంది. రంగూన్ రేవు చేతికొస్తే సరుకు ఓడల్లో దిగుతుంది. అందుకని ఉత్తరం నుంచి నేలమీద ఒక దెబ్బ, దక్షిణం నుంచి సముద్రం మీదుగా మరో దెబ్బ వేద్దామనుకున్నారు. ఈ సముద్రపు దాడికి డ్రాకులా అని పేరు పెట్టారు.

నార్మండీ గురించి సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు. డ్రాకులా గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. అది బంగాళాఖాతంలో, మన తీరానికి ఎదురుగా జరిగింది, చేసినవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. అక్యాబ్, రామ్రీ దీవుల్లో దళాలు ఓడలెక్కాయి. ఆ దీవులను అంతకుముందు జనవరిలోనే పట్టుకున్నారు. అక్కడ రన్‌వేలు లేకపోతే విమానాలకు రంగూన్ అందదు. అక్యాబ్ కథా విచిత్రమే. దాడికి అంతా సిద్ధమయ్యాక, ఫిరంగులకు గురి చూపించే చిన్న విమానంలో తిరుగుతున్న కెప్టెన్ జారెట్ కిందికి చూశాడు. శత్రువు కనిపించలేదు. దిగి ఊరివాళ్ళను అడిగాడు. జపాన్ వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. నాలుగు నెలలకు రంగూన్‌లోనూ అదే జరిగింది. రెండుసార్లూ నిజం తెలిసింది దిగిన మనిషి వల్లే.

రంగూన్ నదిలోకి పోవాలంటే ముఖద్వారంలో ఎలిఫెంట్ పాయింట్ అనే చోట ఉన్న ఫిరంగులను ముందు మట్టుబెట్టాలి. మే 1 ఉదయం సుమారు ఏడువందల మంది గూర్ఖాలు డకోటాల నుంచి పారాచూట్లతో దిగారు. అదే రోజు లిబరేటర్ బాంబర్లు ఆ చోటును బాంబులతో దున్నాయి. కొన్ని బాంబులు గురి తప్పి గూర్ఖాల మీదే పడ్డాయి. డజన్లకొద్దీ చచ్చిపోవడమో గాయపడడమో జరిగింది. తీరా చేరి చూస్తే బంకర్లలో ఉన్నది ముప్పై ఏడుగురు జపాన్ సైనికులు. వాళ్ళలో ఒక్కడు, అదీ గాయాలతో, మిగిలాడు.

విమానాలతో బతికినవాణ్ణి కాబట్టి ఈ మాట చెప్పగలను. ఎనిమిది వేల అడుగుల నుంచి చూస్తే మనవాడూ పరాయివాడూ ఒకటే చుక్క. రంగూన్ జైల్లోని యుద్ధఖైదీల్లో నడవగలిగిన నాలుగువందల మందిని జపాన్ వాళ్ళు ఏప్రిల్ 25న పెగూ వైపు నడిపించుకుపోయి, దారిలో వదిలేసి పారిపోయారు. ఖైదీలు స్వేచ్ఛగా ఒక ఊళ్ళో చేరారు. ఆ రోజే మిత్రదేశాల విమానాలు శత్రువులనుకుని వాళ్ళ మీద కాల్పులు జరిపాయి. వాళ్ళ నాయకుడు బ్రిగేడియర్ హాబ్సన్ చనిపోయాడు. మూడేళ్ళు జైలు భరించి, విడుదలైన పూటే, తనవాళ్ళ తూటాకు. సైన్యాధిపతి స్లిమ్ కూడా మే 1న విమానంలో రంగూన్ మీదికి పరిస్థితి చూడ్డానికి వెళ్ళి తిరిగొస్తుంటే, పెగూ వైపు జపాన్ వాళ్ళ విమానవిధ్వంసక తూటాలు ఆ విమానానికి తగిలాయి. పక్కనున్న అమెరికన్ అధికారి కాలు నుజ్జయింది.

జైల్లో మిగిలిన ఖైదీలు ఏప్రిల్ 29 రాత్రి కాపలావాళ్ళు వెళ్ళిపోయిన సంగతి తెల్లారి తెలుసుకున్నారు. గేటు దగ్గర జపాన్ వాళ్ళు వదిలిన ఉత్తరం ఒకటి ఉంది. ఆస్ట్రేలియా వైమానికుడు వింగ్ కమాండర్ హడ్సన్ జైలు బాధ్యత తన చేతిలోకి తీసుకున్నాడు. వాళ్ళ మొదటి భయం జపాన్ వాళ్ళు తిరిగొస్తారని కాదు, తమవాళ్ళ విమానాలే బాంబు వేస్తాయని. అందుకే పైకప్పు మీద రాశారు. ఆ రాత జపాన్ వాళ్ళ ఎర కాదని నమ్మించడానికి, త్వరగా రమ్మనే అర్థంలో వైమానిక దళం వాళ్ళలో వాళ్ళు వాడుకునే మొరటు మాటొకటి కలిపారు. బయటివాడికి ఆ మాట తట్టదు.

ఇక సాండర్స్ విమానం సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసిన పని అది. మస్కిటో ఒళ్ళంతా చెక్కే. మధ్యలో తేలికైన బాల్సా, రెండు వైపులా పలచటి బిర్చ్ ప్లైవుడ్, జిగురుతో అతికి, అచ్చులో వంచి రెండు సగాలుగా చేసి మధ్యలో కలుపుతారు. రెండు మెర్లిన్ ఇంజన్లు. పైలట్, నావిగేటర్ భుజం భుజం తగిలేలా పక్కపక్కన కూచుంటారు. బాంబర్ రకాలకు ముక్కు అద్దంతో ఉంటే, ఫైటర్ బాంబర్‌గా వాడే ఆరో రకానికి ముక్కులో నాలుగు మెషిన్ గన్‌లు, దాని కింద నాలుగు కానన్లు. ఇంగ్లండ్ చలిలో బ్రహ్మాండంగా ఎగిరిన ఈ విమానం మన దేశానికి వచ్చేసరికి ఎండకు, ఉక్కకు చెక్క కుదించుకుపోయి, అతుకులు వదిలాయి. కొన్ని గాల్లోనే విడిపోవడంతో 1944 నవంబరులో వీటిని కొన్నాళ్ళు నేలమీదే నిలిపేశారు. అలాంటి అతుకుల విమానాన్ని గుంతల రన్‌వే మీద దించడమంటే సాండర్స్‌కు ఎంత గుండె ఉందో నాకు తెలుసు. చక్రం ఒక గుంతలో దిగితే ఆ అదురు నేరుగా చెక్క ఒంట్లోకి పోతుంది. రేకు వంగుతుంది, చెక్క పగులుతుంది. రేకు వంగితే మళ్ళీ కొట్టి సరిచేస్తాం.

ఇద్దరూ ఊళ్ళో నడిచి జైలుకు వెళ్ళారు, ఖైదీలను కలిశారు. ఈ కబురు ఓడల్లో వస్తున్నవాళ్ళకు చేరాలి. సాండర్స్ ఒక సంపాన్ పడవ సంపాదించి నది దిగువకు సాగిపోయి, ఎదురొస్తున్న 26వ డివిజన్ వాళ్ళకు నగరం ఖాళీ అయిందని చెప్పాడు. ఆ సాయంత్రానికే వాన విరుచుకుపడింది. మే 3న సైన్యం రంగూన్‌లో అడుగుపెట్టింది. పెగూ దాకా వచ్చిన 17వ భారతీయ డివిజన్ నలభై మైళ్ళ దూరంలో వాగులు పొంగి ఆగిపోయింది. తాము ముందు చేరలేకపోయినా, తమ సైన్యంలో భాగమనుకునే వైమానిక దళం మనిషి చేరినందుకు సంతోషించామని స్లిమ్ తరవాత ఏమాత్రం అసూయ లేకుండా రాశాడు. అది ఆయన పెద్దమనసు.

వాన పడుతున్న ఆ నగరంలో కింద ఎవరున్నారు? ఈ ప్రశ్నకు పుస్తకాల్లో ఉన్నది ఖైదీలే. మా తాత అక్కడే ఉన్నాడు.

1946లో తిరిగొచ్చాక ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నేను బేగంపేటలో ఉద్యోగంలో చేరాక మాత్రం ఒక ఎండాకాలం మా ఇంటికొచ్చి ఉన్నాడు. డాబా మీద మంచం వేసుకుని పడుకుంటే విమానం పోయిన ప్రతిసారీ లేచి కూచునేవాడు. అప్పుడు అడిగాను, జపాన్ వాళ్ళు పోయాక మీరంతా వీధుల్లోకి రాలేదా తాతా అని.

"విమానం చప్పుడైతే చాలు, ఎవుడూ బయిటికి రాడురా నాయినా. మొదటిసారి చూడ్డానికెల్లినోళ్ళు ఏటయిపోయారో మాకు తెలీదేటి? గోతుల్లో కూకుండీవోళ్ళం. జపానోడి విమానమా, ఇంగిలీసోడిదా అని ఎవుడు చూత్తాడు?"

ఆ ఏప్రిల్ చివర సుభాష్ చంద్రబోస్ రంగూన్ వదిలి వెళ్ళేముందు మేజర్ జనరల్ లోగనాథన్‌ను, ఆజాద్ హింద్ ఫౌజు సైనికులను కొన్ని వేలమందిని అక్కడే ఉంచాడు. భారతీయుల పేటలకు వాళ్ళే కాపలా. జపాన్ వాళ్ళు పోయి బ్రిటిష్ వాళ్ళు రాని ఆ నడిమి రోజుల్లో దోపిడీలు అదుపులో ఉన్నాయంటే ఆ ఫౌజు వల్లేనని తాత చెప్పేవాడు. బ్రిటిష్ సైన్యం రాగానే వాళ్ళు ఆయుధాలు అప్పగించి ఖైదీలయ్యారు.

సాండర్స్ కళ్ళకు వీధులు ఖాళీగా కనిపించడానికి తాత మాటలో జవాబుంది. జపాన్ సైన్యం లేదు, నిజమే. జనం మాత్రం ఉన్నారు, విమానానికి భయపడి నేలలో దాక్కున్నారు. జపాన్ చేతిలో ఉన్న మూడేళ్ళూ మిత్రదేశాల బాంబర్లు రంగూన్ రేవునూ రైలు యార్డునూ వదల్లేదు. అక్కడ పని చేసేది తెలుగు కూలీ. ఎవరి బాంబు పడినా తగిలేది అతనికే. హైదరాబాద్ పేరు రాసుకున్న దళం ఒకటి పైన తిరుగుతుంటే, శ్రీకాకుళం మనిషి దాని చప్పుడుకు కింద గోతిలో తల దాచుకున్నాడు. వైమానిక బలం గురించి చదివిన పుస్తకాలన్నీ పైనుంచి కిందికి చూసి రాసినవే. కింద నుంచి పైకి చూసినవాళ్ళు రాయలేదు, రాయడం రాదు కనక.

110వ దళం కథ రంగూన్‌కే పరిమితం కాదు. 1939 సెప్టెంబరు 4న, బ్రిటన్ యుద్ధంలోకి దిగిన మర్నాడు, జర్మనీ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన మొదటి బాంబు దాడిలో ముందు నడిచింది ఈ దళమే. 1945 ఆగస్టు 20న, జపాన్ లొంగిపోయాక కూడా ఆయుధం దించని ఒక గుంపు మీద, ఆ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం చివరి బాంబులు వేసినదీ ఇదే. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మశానవాటికలో, బర్మా పోరులో సమాధి కూడా దక్కని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు రాతి స్తంభాల మీద చెక్కారు. చాలావరకు భారతీయ పేర్లే. రేవులో పోయిన కూలీలకు అలాంటి రాయి ఒక్కటీ లేదు.

యుద్ధం అయ్యాక చాలామంది తెలుగువాళ్ళు మళ్ళీ రంగం వెళ్ళారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి అంగళ్ళూ ఆస్తులూ జాతీయం చేశాక 1964 నుంచి మళ్ళీ ఓడలెక్కి వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట వాళ్ళతో ఏర్పడిందే. యుద్ధంలో బాంబులు చూసిన పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటుంటుంది.

మా పై వాటాలో సోంపేట నుంచి వచ్చిన కుర్రాడు ఉంటున్నాడు. మైత్రీవనం దగ్గర కోచింగ్. అద్దె ఇవ్వడానికి వచ్చినప్పుడు నా బల్ల మీద బర్మా పటం చూసి, "మా ముత్తాత కూడా రంగం వెళ్ళాడంట అంకుల్, తిరిగి రాలేదంట" అన్నాడు. పేరేమిటి, ఏ మిల్లు, ఏ సంవత్సరం వెళ్ళాడు అని అడిగితే తెలియదన్నాడు. వాళ్ళ నానమ్మకు తెలుసునేమో కనుక్కోమన్నాను. అక్కడికక్కడే ఫోను చేసి స్పీకర్ పెట్టాడు. ఆవిడ పేరు చెప్పింది, భీమిలి నుంచి ఓడెక్కాడని చెప్పింది, మేస్త్రీ ఊరు చెప్పింది. రాసుకున్నాను. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్ళలో ఉత్తరాంధ్ర పిల్లలు వేలల్లో ఉన్నారు. సాయంత్రాలు మా డాబా మీద బల్ల వేసుకుని కూచుంటున్నాను. ఇంట్లో రంగం మాట విన్నవాళ్ళు నానమ్మకు ఫోను కలిపి ఇస్తే చాలు, మిగతాది నేను అడిగి రాసుకుంటాను.